స్టీల్స్ లెక్క చూడాలా, ఆట చూడాలా?

అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తీర్చండి. సికింద్రాబాద్‌లో మా కాలనీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఒక్క చోటే మిగిలింది, కుర్రాళ్లేమో ఇద్దరున్నారు. ఒకడు మ్యాచ్‌కి మూడు నాలుగు స్టీల్స్ చేస్తాడు, అంటే అవతలివాళ్ల నుంచి బంతి లాక్కుంటాడు. కానీ బంతి కోసం దూకి తప్పాడంటే, వాడు కాయాల్సిన మనిషి నేరుగా రింగ్ కిందకి వెళ్లిపోతాడు. ఆ పాయింట్లు వీడి ఖాతాలో ఎక్కడా పడవు. రెండోవాడి పేరు పక్కన స్కోరు పుస్తకంలో దాదాపు ఏమీ ఉండదు. అవతలివాళ్లు మాత్రం వాడి వైపు పాస్ ఇవ్వడానికే జంకుతారు.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కూడా 1973-74 సీజన్ నుంచే స్టీల్స్, బ్లాక్స్ (రింగ్‌లోకి వేసిన బంతిని అడ్డుకోవడం) లెక్కపెట్టింది. అంతకుముందే ఆడి 11 టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ ఎన్ని బ్లాక్స్ చేశాడో అధికారిక లెక్కే లేదు! ఇప్పుడు డిఫెన్సివ్ రేటింగ్ (ఆటగాడు కోర్టులో ఉండగా అవతలివాళ్లకి ఎన్ని పాయింట్లు వచ్చాయన్న లెక్క) ఉందిగానీ, పక్కన ఆడే నలుగురు ఎవరన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. పోనీ నా కళ్లని నమ్ముదామంటే, అవి బంతి వెంటే పరిగెడతాయి.

ఫోన్‌లో తీసిన ఆరు మ్యాచ్‌ల వీడియో ఉంది. బంతి లేనిచోట ఏం గమనించి రాసుకోవాలి? ఇలా ఎవరైనా లెక్క కట్టారా? ఆదివారంలోగా పేరు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.