సంక్రాంతి కలయిక రిజిస్ట్రేషన్: ఫారం తెరిచే ముందు ఈఆర్ బొమ్మ (ఏ సమాచారం దేనితో ముడిపడిందో చూపే పటం) తేల్చుకుందాం

డేటాబేస్ జట్టు (విజయనగరం నుంచి):
అందరికీ నమస్కారం. డాలస్ కలయికకి ఫారం సోమవారం తెరవాలి. పాత షీటు మళ్లీ వాడితే మళ్లీ అదే గోల. కుటుంబానికో వరుస, అందులో పిల్ల 1, పిల్ల 2, పిల్ల 3 అని మూడు గళ్లు. నాలుగో పిల్ల ఉన్నవాళ్లు ఆ పేరు "ఇతర వివరాలు"లో ఇరికించారు. కార్యక్రమాల గడిలో "ముగ్గులు, తప్పెటగుళ్లు, మైకు దగ్గర సాయం" అని ఒకే ముద్ద. తప్పెటగుళ్లకి ఎంతమంది అని అడిగితే చేత్తో లెక్కపెట్టాల్సిందే.

ముందు కాయితం మీద పెట్టెలు గీద్దాం. పీటర్ చెన్ 1976లో మొదలుపెట్టిన పద్ధతే: ఎంటిటీకి (మనం వివరాలు రాసుకునే మనిషి, వస్తువు లాంటిదానికి) దీర్ఘచతురస్రం, సంబంధానికి డైమండు, వివరానికి కోడిగుడ్డు ఆకారం. మనకి అంత బొమ్మ అక్కర్లేదు. పెట్టెలూ, గీతలూ, "చాలా" అనే వైపు కాకి పాదం గుర్తూ (గీత చివర మూడు పాయలు) చాలు.

ఏది పెట్టె, ఏది వివరం? దానికి సొంత వివరాలున్నాయా, దాన్ని విడిగా లెక్కపెట్టాలా అని చూడండి. టీషర్టు సైజుకి సొంత సంగతులేవీ లేవు, కాబట్టి అది మనిషి వివరం. కుటుంబం, మనిషి, అంశం (వేదిక మీద ప్రదర్శన), షిఫ్టు (సాయం చేసే వేళ), చెల్లింపు, ఊరు మాత్రం పెట్టెలు.

రిజిస్ట్రేషన్ జట్టు:
అన్నయ్యా, కుటుంబానికి ఫోను నంబరే గుర్తుగా పెట్టేస్తే పోదా? వేరే నంబరు ఎందుకు?

డేటాబేస్ జట్టు:
వద్దక్కా. సిమ్ మారితే కీ (వరుసని గుర్తుపట్టే విలువ) మారుతుంది, దాన్ని పట్టుకుని వేలాడే టేబుళ్లన్నీ మార్చాలి. భర్త ఓ నంబరుతో, భార్య ఇంకో నంబరుతో నింపితే ఒకే ఇల్లు రెండు కుటుంబాలైపోతుంది. కుటుంబం_నం మనమే ఇద్దాం. ఫోను మామూలు వివరంగా ఉంటుంది, ఒకే ఫోను రెండోసారి వస్తే హెచ్చరిక చూపిద్దాం.

మనిషి సంగతి కొంచెం వేరు. పుస్తకం ప్రకారం "ఫలానా కుటుంబంలో రెండో మనిషి" అని గుర్తించొచ్చు, అలాంటిదాన్ని వీక్ ఎంటిటీ అంటారు. కానీ ఊరి నుంచి వచ్చిన తాతగారు ఒక కొడుకు ఫారంలోంచి ఇంకో కొడుకు ఫారంలోకి మారితే కీ కూడా మారిపోతుంది. అందుకని మనిషికి సొంత నంబరు ఇచ్చి, కుటుంబం_నం ఫారిన్ కీగా (వేరే టేబుల్లోని వరుసని చూపించే కీగా) పెడదాం. పిల్లల వయసు టేబుల్లో రాసి పెట్టొద్దు. పుట్టిన తేదీ ఉంటే కార్యక్రమం రోజుకి వయసు లెక్క దానంతటదే వస్తుంది.

వంటల జట్టు:
ఏటి బాబూ ఇది, టెస్టు లెక్కలో నలుగురున్న ఇంటికి ఎనిమిది విస్తళ్లు చూపిస్తోంది! మాకు గుంటల (పిల్లల) లెక్క విడిగా కావాలి. పలాస జీడిపప్పు పాయసంలో పడుతుంది, పడనివాళ్లెవరో కూడా తెలియాలి.

డేటాబేస్ జట్టు:
విస్తళ్ల తప్పు ఫారంలో లేదండి, రెండు టేబుళ్లని కలిపే జాయిన్‌లో ఉంది. ఆ ఇంట్లో మనుషులు నలుగురు, చెల్లింపులు రెండు: 60 డాలర్లు, 40 డాలర్లు. రెండు టేబుళ్లనీ కుటుంబం మీద ఒకేసారి కలిపితే 4 × 2 = 8 వరుసలు. మనుషులు ఎనిమిదయ్యారు, 100 డాలర్లు 400 అయ్యాయి. కోశాధికారి దగ్గరా ఈ తేడా వచ్చేదే. మనుషులకీ చెల్లింపులకీ నేరుగా సంబంధం లేదు, రెండూ కుటుంబం దగ్గర విడివిడిగా చీలతాయి. కాబట్టి మనుషుల్ని విడిగా లెక్కపెట్టి, డబ్బు విడిగా కూడి, ఆ తర్వాతే కలపాలి. డబ్బు మొత్తానికి డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిని ఒకసారే తీసుకునే ఆదేశం) తగిలించి సరిపెట్టొద్దు. ఒకే ఇల్లు 50 చొప్పున రెండుసార్లు కడితే ఒక 50 మాయమవుతుంది.

పడనివి ఒకరికి రెండు మూడు ఉండొచ్చు, కాబట్టి విడి టేబుల్: మనిషి_నం, పడనిది. వరుసకి ఒక్కటే.

రిజిస్ట్రేషన్ జట్టు:
జిల్లా గడి ఉంచుదామా? పాత షీటులో శ్రీకాకుళం, సిక్కోలు, చికాకోల్ అని మూడు రకాలున్నాయి.

డేటాబేస్ జట్టు:
టైపు చేయించొద్దు, జాబితాలోంచి ఎంచుకోనిద్దాం. అది కూడా జిల్లా కాదు, ఊరు, మండలం. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ, సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా ప్రతి కుటుంబం వరుసలో ఉంటే పాలకొండ వాళ్లు సగంమంది పాత జిల్లాలో, సగంమంది కొత్త జిల్లాలో తేలతారు. ఊరు మండలానికి, మండలం జిల్లాకి కడితే ఒక్క వరుస మారిస్తే చాలు. బ్యాడ్జి మీద మాత్రం ఊరు పేరే వేద్దాం. జిల్లా వేస్తే ఆ రోజంతా అదే చర్చ.

వేదిక జట్టు:
ఒక పిల్ల రెండు అంశాల్లో ఉంటే?

డేటాబేస్ జట్టు:
ఒక మనిషికి చాలా అంశాలు, ఒక అంశానికి చాలామంది. ఇలాంటిదానికి మధ్యలో "పాల్గొనడం" టేబుల్ కావాలి: మనిషి_నం, అంశం_నం, పాత్ర. మొదటి రెండూ కలిపి ప్రైమరీ కీ (ఆ టేబుల్లో రెండోసారి రాకూడని గుర్తు), అప్పుడు ఒకే పేరు ఒకే అంశంలో రెండుసార్లు ఎక్కదు. వీణ వాయిస్తుందా, తాళమా అన్నది మనిషి దగ్గరా ఉండదు, అంశం దగ్గరా ఉండదు, ఈ మధ్య టేబుల్లోనే ఉంటుంది. షిఫ్టులకీ ఇదే పద్ధతి. కానీ 4 నుంచి 6 షిఫ్టులో ఉన్నామె 5 గంటలకి వేదిక ఎక్కాలంటే కీ ఆపదు. సమయాలు పోల్చే తనిఖీ విడిగా రాస్తాను.

ఇంకోటి. శీతాకాలంలో డాలస్ విజయనగరం కంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడ శుక్రవారం రాత్రి 9కి నింపిన ఫారం ఇక్కడ శనివారం ఉదయం 8:30. తగ్గింపు గడువు శుక్రవారం అంటే ఇక్కడి గడియారం చూసి తోసిపుచ్చకూడదు. సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) నమోదు చేసి, డాలస్ టైములో చూపిద్దాం.

వేదిక జట్టు అంశాల జాబితా, వంటల వాళ్లు పడని పదార్థాల జాబితా గురువారంలోగా ఇవ్వండి. మండలాల జాబితా ఇక్కడ నేను ఎక్కిస్తాను. శనివారం టెస్టు కోసం మూడు ఉత్తుత్తి కుటుంబాలు వేసి చూద్దాం: నలుగురు పిల్లలున్నదొకటి, రెండుసార్లు కట్టిందొకటి, ఫోను లేని తాతగారితో వచ్చిందొకటి.