‘జెండాపై కపిరాజు’ పద్యంలో ‘సంధింపగన్’ అంటే బాణమా, పొత్తా?

ప్రపంచంలోని యుద్ధ చిత్రాల్లో ఏది అన్నిటికన్నా గొప్పదన్న వాదన భాషా బృందంలోకి ఎందుకు వచ్చిందని కొందరు అడుగుతున్నారు. అది ఒక పద్యం వెంట వచ్చింది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో రాయబారం చూసి వచ్చిన మిత్రులొకరు, ‘జెండాపై కపిరాజు’కు సాటి వచ్చే యుద్ధ దృశ్యం ఏ దేశపు సినిమాలోనూ లేదని ఇక్కడ రాశారు. దాని కిందనే మరొక పెద్దాయన, పద్యం చివర ఉన్న ‘సంధింపగన్’ అంటే అర్జునుడు బాణం సంధించడమేనని తేల్చేశారు. ఈ రెండు మాటలకూ కలిపి జవాబు చెప్పాలి. ఆ ఒక్క క్రియకు మనం ఇచ్చుకునే అర్థాన్ని బట్టి పద్యం పోకడ మారిపోతుంది. యుద్ధ చిత్రాన్ని ఏ కొలతతో కొలవాలన్నదీ దానితోపాటే మారుతుంది.

ముందు పద్యం పూర్తిగా చదువుదాం. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ నాటకంలో కృష్ణుడి చేత దుర్యోధనుడితో అనిపించినది ఇది.

జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే
దండంబుం గొని తోలు స్యందనముమీదన్ నారి సారించుచున్
గాండీవంబు ధరించి ఫల్గుణుడు మూకం జెండుచున్నప్పు డొ
క్కండున్ నీ మొఱ నాలకింపడు కురుక్ష్మానాథ సంధింపగన్

చూపు ఎక్కడ మొదలై ఎక్కడికి దిగుతుందో గమనించండి. మొదట అందరికన్నా ఎత్తున, జెండా మీద హనుమంతుడు. అక్కడి నుంచి రథం ముందున్న తెల్ల గుర్రాల వరుస, వాటిని తోలే చేయి, ఆ చేతిలోని కోల, ఆ వెనక రథం, వింటినారి, గాండీవం. ఆ తరువాతే మనిషి పేరు వస్తుంది. ‘ఫల్గుణుడు’ అన్న మాట వినపడేసరికి మూడో పాదం సగానికి వచ్చేశాం. అంతదాకా జెండా, గుర్రాలు, విల్లు చూపిస్తూ వాటి యజమానిని కవులు దాచి ఉంచారు. శార్దూలవిక్రీడితం నడక కూడా అందుకు తగినట్టే ఉంది. పాదం మొదట్లో మూడు గురువులు బరువుగా పడి, ఆ తరువాత పరుగు అందుకుంటుంది. మన మిత్రులు దీన్ని సినిమా దృశ్యంతో పోల్చడంలో తప్పేమీ లేదు. కెమెరా చేయవలసిన పనిని ఛందస్సు చేసింది.

ఇందులో చాలామంది దాటేసే మాట ‘నే’. మొదటి పాదం చివర ఒక్క అక్షరంగా నిలబడి ఉంటుంది. రాబోయే యుద్ధాన్ని వర్ణిస్తున్నవాడు తానూ అందులో ఉంటానని చెప్పుకుంటున్నాడు. అయితే అతని చేతిలో ఆయుధం లేదు, గుర్రాలను తోలే కోల మాత్రమే ఉంది. ఆయుధం పట్టనన్న మాట అప్పటికే ఇచ్చి ఉన్నాడు. ‘దండంబుం గొని’ అన్నప్పుడు కవులు ఆ మాటను గుర్తుపెట్టుకునే రాశారని నాకు గట్టి నమ్మకం.

ఇక అసలు తగాదాకు వద్దాం. ‘సంధించు’ అన్న క్రియకు నిఘంటువుల్లో రెండు అర్థాలూ ఉన్నాయి. బాణాన్ని వింటికి చేర్చడమూ సంధించడమే, విడిపోయిన వాళ్లను కలపడమూ సంధించడమే. కాబట్టి పెద్దాయన చెప్పిన అర్థం భాషలో లేనిది కాదు. కానీ ఈ పద్యంలో అది అతకదు. అర్జునుడి పని రెండో, మూడో పాదాల్లోనే నడుస్తోంది. నారి సారిస్తున్నాడు, మూకను చెండుతున్నాడు. అంతా అయ్యాక చివర మళ్లీ బాణం తొడగడం దేనికి? పైగా ‘మొఱ’ అన్న మాటకు ఒక విషయం కావాలి. దేనికోసం మొఱ? సంధికోసం. ‘ఆ గుంపులన్నీ తెగిపడుతున్నప్పుడు, పొత్తు కుదర్చమని నువ్వు ఎంత మొత్తుకున్నా వినేవాడు ఒక్కడూ ఉండడు, రాజా’ అని అన్వయించుకుంటే ప్రతి మాటా తన చోట కూర్చుంటుంది. బాణం అర్థం తీసుకుంటే మొఱ గాలిలో వేలాడుతుంది.

దీనికి బలమైన సాక్ష్యం అదే నాటకంలో అదే రాయబారంలోని మరో పద్యం. ‘చెల్లియో చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచి రందరున్’ అని మొదలయ్యే ఆ పద్యంలో కృష్ణుడు ‘నను దూతగ బంపిరి సంధిసేయ’ అంటాడు. ‘పిల్లలు పాపలుం ప్రజలు పెంపు వహింపగ పొందు సేసెదో, యెల్లి రణంబె కూర్చెదవొ’ అని అడుగుతాడు. ఎల్లి అంటే రేపు. సభకు వచ్చిన పనే సంధి అయినప్పుడు, ఆ దూత నోట ‘సంధింపగన్’ అన్న మాటకు మొదటి అర్థం సంధే అవుతుంది. బాణం నీడ దాని మీద పడుతుందంటే ఒప్పుకుంటాను. యుద్ధం మధ్యలో ఆ క్రియ వినగానే విల్లు గుర్తుకు రావడం సహజం, కవులకూ అది తెలియకుండా ఉండదు. కానీ నీడను పట్టుకుని అసలును వదిలేయకూడదు.

‘ఒక్కండున్’ ఎవరన్న ప్రశ్న కూడా వచ్చింది. శత్రువుల్లో ఒక్కడూ అని కొందరు రాశారు. నేను దాన్ని ఇంకా విశాలంగా చదువుతాను. ఈ వేళ సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, విదురుడున్నాడు. వినే చెవులు ఈ వేళ ఉన్నాయి. యుద్ధం మొదలైతే స్వపక్షంలోనూ అవి ఉండవు. తిక్కన ఉద్యోగపర్వంలో ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ పద్యంలో ఇదే కృష్ణుడు, ఆపగలిగి కూడా ఉపేక్షించిన సమర్థులకు అది చేటవుతుందని ఆ పెద్దల ముందే హెచ్చరించాడు. ఆ పద్యం పక్కన పెట్టి చూస్తే ‘ఒక్కండున్’ అన్న మాట ఆ సభలోని ప్రతి ఆసనాన్నీ తాకుతుంది.

అందుకే ఇది యుద్ధాన్ని పొగిడే పద్యమంటే నేను ఒప్పుకోను. మెత్తగా చెబితే విననివాడికి, రేపు యుద్ధభూమిలో కనబడబోయేదాన్ని ఈ వేళే చూపించి, కృష్ణుడు ఆగమంటున్నాడు. గానసభలో హార్మోనియం అందుకోగానే, రాగం పూర్తికాకుండానే చప్పట్లు మోగుతాయి. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో ఘంటసాల గొంతులో విన్నప్పుడూ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ గగుర్పాటు మొదటి మూడు పాదాల సొత్తు. నాలుగో పాదాన్ని చప్పట్లు మింగేస్తున్నాయన్నదే నా బాధ.

సరిగ్గా ఇదే ఇబ్బంది యుద్ధ చిత్రాలకూ ఉంది. 1979లో వచ్చిన ‘అపోకలిప్స్ నౌ’లో హెలికాప్టర్లు వాగ్నర్ సంగీతంతో పల్లె మీదికి దిగే ఘట్టం మొదటి మూడు పాదాల లాంటిది. చూస్తున్నంతసేపూ మనం హెలికాప్టర్లోనే ఉంటాం. కింద ఉన్నవాళ్ల మొఱ మనకు చేరదు. దర్శకుడు కొప్పోలా ఉద్దేశం యుద్ధాన్ని మెచ్చుకోవడం కాకపోయినా, తెర ముందున్న మనిషి ఉత్సాహపడతాడు. ఇక్కడ చాలామంది ఓటు వేసిన ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ (1998) ఓమహా తీరపు ఆరంభాన్ని నేను తక్కువ చేయను. తుపాకుల మధ్య కెప్టెన్‌కు చెవులు దిబ్బడేసి ప్రపంచమంతా మూగబోయే క్షణం అద్భుతం. కానీ చివరి వంతెన పోరుకు వచ్చేసరికి అది మనల్ని గెలుపు వైపు ఉరికిస్తుంది.

నాలుగో పాదాన్ని తెరకెక్కించిన చిత్రాలు వేరే ఉన్నాయి. కుబ్రిక్ 1957లో తీసిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’లో, పిరికితనం చూపారన్న నేరం మోపి ముగ్గురు ఫ్రెంచి సైనికులను విచారణకు నిలబెడతారు. వాళ్ల తరఫున కర్నల్ డాక్స్ ఎంత వాదించినా ఒక్క అధికారీ ఆలకించడు. అక్కడ మొఱ వినని చెవులు శత్రువులవి కావు, సొంత సైన్యానివి. ‘కమ్ అండ్ సీ’ (1985) ఇంకా కఠినమైనది. 1943 నాటి బెలారుస్‌లో ఫ్లోరియా అనే పిల్లవాడి చెవులు బాంబుల మోతకు దెబ్బతింటాయి. ఆ తరువాత కొంతసేపు అతనికి వినపడే ఆ గుయ్యిమనే హోరే మనకూ వినపడుతుంది. అక్కడ మనుషులతో సహా తగలబెట్టిన 628 గ్రామాల లెక్కను ఆ చిత్రం చివర చెబుతుంది.

నా ఓటు మాత్రం జపాన్ దర్శకుడు కురోసావా ‘రాన్’కు. అదీ 1985లోనే వచ్చింది. ముసలి ప్రభువు హిదెతోరా కొడుకులకు రాజ్యం పంచి, పెద్దవాళ్లిద్దరి చేతిలోనూ మోసపోతాడు. ఆ ఇద్దరి సైన్యాలూ అతను తలదాచుకున్న కోట మీద పడతాయి. కురోసావా ఆ యుద్ధంలోని శబ్దాలన్నీ తీసేశాడు. మనుషులు నోళ్లు తెరిచి అరుస్తుంటారు, ఒక్క కేకా వినపడదు. తకెమిత్సు సంగీతం ఒక్కటే సాగుతుంది. అది తెగేది ఒక తుపాకి పేలినప్పుడు. ఆ గుండు పెద్ద కొడుకు తారో వెన్నులో దిగుతుంది, పేల్చినవాడు తమ్ముడి మనిషి. అన్నదమ్ముల పోరు కథను పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన మనకు ఆ దృశ్యం కొత్తగా అర్థం కావలసిన పనే లేదు. ‘ఒక్కండున్ నీ మొఱ నాలకింపడు’ అన్న పాదాన్ని ఇంతకన్నా యథాతథంగా ఎవరూ చిత్రించలేదని నా అభిప్రాయం.

తెలుగు చిత్రాల సంగతి అడిగినవారికి: ‘ఘాజీ’ (2017) సాంకేతికంగా మంచి ప్రయత్నం. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథను ఆధారం చేసుకుని, ఇరుకు గదుల్లో ఉత్కంఠను చక్కగా నిలబెట్టారు. కానీ అది మొదటి మూడు పాదాల దగ్గరే ఆగింది. క్రిష్ ‘కంచె’ (2015) కథనంలో కొన్ని తడబాట్లున్నాయి. అయినా రెండో ప్రపంచ యుద్ధాన్నీ, మన ఊళ్లో కులాల మధ్య వేసిన కంచెనూ పక్కపక్కన పెట్టి, సంధి ఎక్కడ కుదరాలో అడిగే ధైర్యం దానికుంది. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ‘కంచె’నే ఎంచుకుంటాను.

పెద్దాయనకు ఒక మనవి. ‘సంధింపగన్’కు బాణమే అర్థమని చెప్పే పాత వ్యాఖ్యానం గాని, నాటక ప్రతిలో పాఠభేదం గాని మీ దగ్గర ఉంటే దయచేసి ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అది చూశాక ‘మొఱ’ను అందులో ఎలా అన్వయించారో చర్చిద్దాం.