సెకుకినుమాబ్‌తో పూర్తిగా తగ్గలేదు. మందు మార్చాలా, ఆగాలా?

గోదారి_గట్టు: సోరియాసిస్‌కి (చర్మం మీద పొలుసుల మచ్చలు) సెకుకినుమాబ్ అనే సూది మందు తీసుకుంటున్నాను. మొదట వారం వారం, తర్వాత నెలకోసారి 300 మిల్లీగ్రాములు. 16 వారాలు దాటింది. వీపు, కాళ్లు చాలావరకు తగ్గాయి. తల, అరచేతులు అలాగే ఉన్నాయి. డాక్టర్ గుసెల్కుమాబ్ అనే ఇంకో సూది మందుకి మారదామంటున్నారు. ఎవరైనా ఇలా మారారా?

ఓరుగల్లు_వాసి: మారొద్దండి. నాకు అడాలిముమాబ్ అనే ఇంకో సూది మందు బాగా పనిచేసి, కొన్నాళ్లకి మచ్చలు తిరగబెట్టాయి. డాక్టర్ వెంటనే వేరే మందు రాశారు. మళ్లీ లోడింగ్ డోసులు (మొదట్లో వేసే అదనపు డోసులు), మళ్లీ టీబీ పరీక్ష, మళ్లీ ఖర్చు. ఉన్నవే కొన్ని మందులు. ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

మందులచీటీ: ఓరుగల్లు గారూ, మీది, గోదారి గారిది ఒకే సమస్య కాదు. మీకు పనిచేసి ఆగిపోయింది. అడాలిముమాబ్‌ని పనిచేయనివ్వని యాంటీబాడీలు ఒంట్లో తయారైతే అలా జరగొచ్చు, అందుకే కొందరికి మెథోట్రెక్సేట్ అనే మందు కలుపుతారు. వారికి మొదటినుంచీ పూర్తిగా తగ్గలేదు. సెకుకినుమాబ్ ఐఎల్-17ను అడ్డుకుంటుంది, గుసెల్కుమాబ్ ఐఎల్-23ని; రెండూ ఒంట్లో వాపు పుట్టించే వేర్వేరు ప్రోటీన్లు. ఒకటి పనిచేయనంత మాత్రాన రెండోది పనిచేయదని కాదు. నావిగేట్ అనే ట్రయల్‌లో ఉస్టెకినుమాబ్ అనే మరో మందుతో సరిగా తగ్గనివాళ్లని గుసెల్కుమాబ్‌కి మారిస్తే, పాత మందు మీదే ఉన్నవాళ్లకంటే ఎక్కువ తగ్గింది.

ఓరుగల్లు_వాసి: అది ఉస్టెకినుమాబ్ వాళ్ల మీద చేసిన ట్రయల్. వారు వాడుతున్నది సెకుకినుమాబ్.

చిరుజల్లు: బరువెంతండీ? 90 కిలోలు, ఆపైన ఉన్నవాళ్లకి యూరప్‌లో రెండు వారాలకోసారి కూడా ఇవ్వొచ్చని ఉంది.

గోదారి_గట్టు: అంత లేనండీ.

మందులచీటీ: ఓరుగల్లు గారూ, ఒక్క ట్రయల్ పేరు పట్టుకుని ఎందుకు కూర్చుంటారు? తగ్గని మందు మీద ఇంకెన్నాళ్లు ఉంచుతారు?

ఓరుగల్లు_వాసి: తగ్గలేదని ఎవరన్నారు? ఒళ్లంతా ఉన్నది చేతులకీ తలకీ పరిమితమైంది. పాసీ 75 దాటే ఉంటుంది, అంటే సోరియాసిస్ తీవ్రత కొలిచే పాసీ స్కోరు 75 శాతానికి పైగా తగ్గే ఉంటుంది. ఒకప్పుడు ట్రయల్స్‌లో అదే గెలుపు. ఇప్పుడు 90 కావాలి, 100 కావాలి అంటున్నారు. డబ్బు పెట్టేది మీరు కాదుగా!

గోదారి_గట్టు: నేను బ్యాంకులో క్యాషియర్‌ని అండీ. నా చేతులు చూసి నోట్లు కౌంటర్ మీద పెట్టమంటారు. పాసీలో తలకి పదో వంతు, రెండు చేతులకీ కలిపి ఐదో వంతు లెక్క. వీపు, కాళ్లు తగ్గితే స్కోరు పడిపోతుంది. నన్ను జనం చూసేది ఆ రెండు చోట్లే.

మందులచీటీ: ఓరుగల్లు గారూ, కోపంగా అంటున్నానని అనుకోకండి. మీరు భయపడుతున్నది మందు గురించి కాదు, ఖర్చు గురించి.

ఓరుగల్లు_వాసి: అవును, ఖర్చే. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి డబ్బు ఇవ్వలేమని ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పేశారు. పిల్లల ఫీజులు పక్కన పెట్టి సూదులు వేయించుకున్నాను. మిగిలిన మచ్చలతో ఉండగలను, అప్పుతో ఉండలేను. అది తక్కువ తగ్గడంతో సరిపెట్టుకోవడం అంటే అననివ్వండి. కానీ ఆగమని చెప్పేవాళ్లందరూ తెలివితక్కువవాళ్లన్నట్టు మాట్లాడొద్దు.

మందులచీటీ: అలా అనలేదు. మీకు ఆగడం సరైనదే కావచ్చు. వారి చేతులకి ఎంత తగ్గితే చాలో మనిద్దరం నిర్ణయించలేం.

చిరుజల్లు: గోదారి గారూ, కీళ్లనొప్పులు, పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోవడం ఉంటే మారకముందే చెప్పండి. నడుంకి ఐఎల్-17 మందులు పనిచేస్తాయని బాగా రుజువైంది, ఐఎల్-23 వాటికి అంత రుజువు లేదు. అలా ఉంటే ఆలోచన మారుతుంది.

గోదారి_గట్టు: కీళ్లనొప్పులు లేవు. తర్వాతి డోసు తేదీకే కొత్తది మొదలుపెడదామన్నారు. ఖర్చు ఎన్ని నెలలు భరించగలనో ముందే డాక్టర్‌తో మాట్లాడతాను.