నాయనకు అర్ధరాత్రి కారు పెట్టాం, అమ్మేమో ఆసుపత్రికే రానంటోంది

పాలవ్యాను, పెనుమూరు

మాది చిత్తూరు జిల్లా పెనుమూరు దగ్గర పల్లె. రెండెకరాల మామిడితోట, మూడు ఆవులు. నేను పాలవ్యాను తోలుతాను. అమ్మకు 46 ఏళ్లు. ఏడాదిగా నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదట. ఈ సంగతి నాకు మొన్నటిదాకా తెలియదు. అక్క పండక్కి వచ్చినప్పుడు కొట్టం వెనక కంచె మీద, గోనెపట్ట కింద దాచి ఆరేసిన పాతచీర గుడ్డలు చూసి అడిగితే బయటపడింది. ఒకే ఇంట్లో ఉండి నేను కనుక్కోలేకపోయాను.

మొన్న మాఘమాసంలో నాయనకు గుండెనొప్పి వస్తే రాత్రి ఒంటిగంటకు 3,000 ఇచ్చి కారు మాట్లాడి తిరుపతి తీసుకుపోయినాం. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేశారు. డబ్బు గురించి, పని గురించి ఎవరమూ ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆ వారమంతా వరండాలో చాప మీద పడుకుని నాయనను చూసుకున్నది అమ్మే. అప్పటికే తనకు ఇది మొదలై నాలుగు నెలలట.

ఇప్పుడు రమ్మంటే "ఆడోళ్లకు ఉండేదేరా, దీనికి ఆసుపత్రేంది" అంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సంగటి గిన్నె దించి కాసేపు గోడకు ఆనుకుని నిలబడుతుంది. చేటలో బియ్యం ఏరుతూ ఆ పచ్చిబియ్యమే పిడికెడు పిడికెడు నములుతుంది, ఈ మధ్య అదో అలవాటైంది. ఊళ్లో ఆర్ఎంపీ గర్భసంచి తీయించేయమంటున్నాడు, తెలిసిన ప్రైవేటు ఆసుపత్రి ఉందంటున్నాడు. తీయించమంటారా? అసలు అమ్మను ఒప్పించేదెట్ల?

సబ్‌సెంటర్ అక్క

తమ్ముడూ, నేను 19 ఏళ్లుగా ఏఎన్ఎం పని చేస్తున్నా. నువ్వు అలవాటని రాసిన ఆ పచ్చిబియ్యం చదివి భయమేసింది. ఒంట్లో ఇనుము బాగా పడిపోయినవాళ్లకు బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తుంది. దానికి ఆయాసం కూడా తోడైందంటే రక్తం చాలా తక్కువే ఉంటుంది. అమ్మను వెలుతురులో కూర్చోబెట్టి కంటి కింది రెప్ప లాగి చూడు. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంటే వాయిదా వేయొద్దు. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితం. ఆడవాళ్లకు 12 ఉండాలి. 8 లోపుంటే మాత్రలు తీసుకుని ఇంటికి రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి.

గర్భసంచి మాట ఇప్పుడే ఎత్తొద్దు. ముందు స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఈ వయసులో ఇంత రక్తం పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి కూడా పరీక్షకు పంపుతారు. గడ్డలా, హార్మోన్లా, ఇంకేమైనానా తేలాలి కదా. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. తిరుపతి ప్రసూతి ఆసుపత్రి అంటే కాన్పులకే అనుకుంటారు, అక్కడ గైనిక్ ఓపీ కూడా ఉంటుంది. పొద్దున్నే పోండి, ఆధార్ మర్చిపోవద్దు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి అమ్మ ఛార్జీల వంక పెట్టడానికి కూడా లేదు.

శ్రీకాళహస్తి

మనిషే నోరు తెరిచి చెప్పకపోతే ఇంట్లో మగవాళ్లేం చేస్తారండీ? తప్పంతా మగవాళ్లదే అన్నట్టు రాస్తున్నారు.

సబ్‌సెంటర్ అక్క

తప్పెవరిదని నేను అనలేదన్నా. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత, మగవాళ్లలో 25 శాతానికి. ఇంతమంది ఉన్నా మేమూ సరిగా పట్టించుకోవడం లేదు. గర్భిణి అయితే ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు చూస్తారు, ఆశా ఇంటికొచ్చి పిలుచుకుపోతుంది. కాన్పులన్నీ అయిపోయిన 46 ఏళ్ల మనిషిని ఇంటికొచ్చి ఎలా ఉన్నావని అడిగేవాళ్లు తక్కువ. నేనూ చాలామందిని అడగలేదు. అది నన్ను బాధపెడుతుంది.

కార్వేటినగరం కోడలు

నాకు 31 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని పోతే, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు. డ్వాక్రా అప్పు 40,000 అందులోకే పోయింది. అప్పట్నుంచి ఒళ్లంతా ఆవిర్లు, రాత్రుళ్లు నిద్ర రాదు, మోకాళ్లు పట్టేస్తాయి. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆరేళ్ల తర్వాత, ఇంటర్ బైపీసీ చదివే మా పాప అది చూసి, "అమ్మా, నీకు అండాశయాలు కూడా తీసేశారు" అంది. అంతవరకూ నాకు తెలియదు.

ఇంకో మాట తమ్ముడూ. అమ్మ రానంటోందని రాశావు. ఆ రోజు పాలెవరు పిండుతారో అమ్మకు చెప్పినావా? నేను రెండేళ్లు ఓర్చుకున్నది సిగ్గుతో కాదు, ఇంట్లో పని ఎవరు చేస్తారని. డాక్టరు దగ్గరికి అక్కను తోడు పంపు. కొడుకు పక్కనుంటే అమ్మ సగం చెప్పదు.

పాలవ్యాను, పెనుమూరు

అక్కలిద్దరికీ దండాలు. రెప్ప లాగి చూశాను, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ రాత్రే నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాలు నేను పిండుతా, వారమైనా సరే" అన్నాడు. పొద్దున అమ్మ మారుమాట లేకుండా చీర మార్చుకుంది. ఆవులకు తవుడు ఎంత కలపాలో నాయనకు రెండుసార్లు చెప్పి బస్సెక్కింది.

హిమోగ్లోబిన్ 5.8. నిన్న ఒక యూనిట్ రక్తం ఎక్కించారు, ఈరోజు ఇంకోటి. నేను, బావ రక్తమిచ్చినాం. స్కానింగ్‌లో గడ్డ ఉందన్నారు. ముక్క పరీక్ష రిపోర్టు పది రోజులకు వస్తుందట. అక్క లోపల అమ్మ దగ్గరుంది, నేను వరండాలో ఉన్నాను. రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.