అప్‌డేట్: సిస్టిక్ ఫైబ్రోసిస్ పాపకి డి విటమిన్ సంగతి

నేనడిగింది ఇదీ: సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, క్లోమంలో జిగట పేరుకునే పుట్టు జబ్బు) ఉన్న తొమ్మిదేళ్ల పాప శ్రీకాకుళం ఎండలో ఆడుతూనే ఉన్నా రక్తపరీక్షలో డి విటమిన్ 14 (మిల్లీలీటరుకి నానోగ్రాములు) మాత్రమే ఎందుకొచ్చింది, పెంచితే ఊపిరితిత్తులు బాగుపడతాయా అని. జవాబులిచ్చినవాళ్లకి దండాలు. డాక్టరుగారితో మాట్లాడాక తేలింది రాస్తున్నాను.

తప్పు ఎండది కాదు. క్లోమం ఎంజైములు పేగుకి చేరక కొవ్వు అరగదు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె దాంతోపాటే పోతాయి. అందుకే డి3 చుక్కలు పరగడుపున వెయ్యడం దండగ. నెయ్యో నూనో తగిలిన అన్నంతో, ఎంజైము క్యాప్సూల్ వేసే పూటే వెయ్యాలి. క్యాప్సూల్లో గింజల్ని నలపొద్దు, వేడన్నంలో కలపొద్దు. పైపూత పోతే ఎంజైము కడుపులో ఆమ్లానికే చెడిపోతుంది.

ఈ వయసుకి రోజుకి 800–1000 యూనిట్లతో మొదలు, చాలకపోతే డాక్టరు 4000 దాకా పెంచుతారు. 3 నెలలకి మళ్లీ రక్తపరీక్ష, 30 దాటాలి. సీసా మీద చదవండి: ఒకదాంట్లో మిల్లీలీటరుకి 400, ఇంకోదాంట్లో 800. వారానికొకటి రాసే 60,000 పొడి ప్యాకెట్ రోజూ వేసేస్తే కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీకి ముప్పు.

ఊపిరితిత్తులకైతే పెద్ద ఆశ పెట్టుకోలేం. 2019లో అచ్చైన అమెరికా ట్రయల్‌లో, ఛాతీ ఇన్ఫెక్షన్ ముదిరి ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లకి ఒకేసారి 2,50,000 యూనిట్లు ఇచ్చినా మళ్లీ ఛాతీ జబ్బు ముదరడం ఆలస్యం కాలేదు. డి ఎముకల కోసం. నెబ్యులైజరు, కఫం తీసే ఫిజియో మానేది లేదు.

అన్నట్టు, ఎండలో ఆడే ఈ పిల్లలకి చెమటలో ఉప్పు విపరీతంగా పోతుంది. చోడంబలిలో (రాగి అంబలిలో) ఉప్పు కాస్త ఎక్కువే వెయ్యండి.