24 గంటల డ్యూటీలో కునుకు: తీయాలా, మేలుకునే ఉండాలా?

మెడిసిన్_పీజీ: డ్యూటీ రూముల్లో దీనిపై రెండు వాదనలున్నాయి. పడుకుని లేస్తే బుర్ర పనిచేయదు, తెల్లారేదాకా మేలుకోవడమే నయమని కొందరు. దొరికిన కాసేపైనా కన్ను మూయకపోతే నెలల్లోనే బర్నౌట్ (పని ఒత్తిడికి పూర్తిగా డీలాపడిపోవడం) తప్పదని ఇంకొందరు. సీనియర్లు చెప్పండి.

మత్తుడాక్టర్: కునుకు తీయాల్సిందే. అయితే 20 నిమిషాలు, లేదంటే 90. నలభై, యాభై నిమిషాల దగ్గర లేపితే గాఢనిద్రలోంచి లేస్తారు, పావుగంట నుంచి అరగంట దాకా తల మొద్దుబారి ఉంటుంది. బుర్ర పనిచేయదనే మాట అక్కడ పుట్టిందే. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య చురుకుదనం బాగా పడిపోతుంది కాబట్టి 1, 2 గంటలకే పడుకోండి. లేచీ లేవగానే నోరడ్రినలిన్ (బీపీ పెంచే మందు) లెక్క కట్టొద్దు. దశాంశం ఒక్క చోటు జరిగితే డోసు పదిరెట్లు. ఆగే వీల్లేకపోతే సిస్టర్ చేత మళ్లీ లెక్క చూపించుకోండి.

కాఫీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, అందుకే తాగి పడుకోవచ్చు. 4కి తాగితే మాత్రం అందులో సగం కెఫీన్ 9కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఇంటికెళ్లాక నిద్ర పట్టదు.

క్యాజువాల్టీ_సిస్టర్: కునుకు సరే సార్, రోగుల అప్పగింత మాటేంటి? "ఏదైనా ఉంటే లేపండి" అని వెళ్లిపోతే ప్రతి సెలైన్‌కీ లేపుతారు, లేదా లేపాల్సినప్పుడు మొహమాటపడతారు. అంకెలు రాసివ్వండి: "7వ బెడ్, సిస్టోలిక్ (బీపీలో పై అంకె) 90 కంటే తగ్గినా, వరుసగా రెండు గంటలు యూరిన్ గంటకు 30 ఎం.ఎల్. లోపే వచ్చినా లేపండి." విన్నవాళ్ల చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి. హడావుడిలో అందరూ వదిలేసేది అదే.

జూడా_గొంతు: ఇవన్నీ 24 గంటలను ఓర్చుకునే ఉపాయాలే కదా సార్! రెసిడెంట్లకు (ఆసుపత్రిలో డ్యూటీ చేసే పీజీ డాక్టర్లకు) ఏకధాటి డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు దాటకూడదని, వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 పీజీ నిబంధనలు "సహేతుకమైన పనిగంటలు" అని అంకె లేకుండా వదిలేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కూడా బర్నౌట్‌ను జబ్బుల్లో చేర్చలేదు, పనికి సంబంధించిన స్థితి అన్నారు. మారాల్సింది రోస్టర్.

మత్తుడాక్టర్: కాదనను. కానీ గంటలు తగ్గిస్తేనే సరిపోదు. అమెరికాలో 2011లో మొదటి ఏడాది రెసిడెంట్ల షిఫ్టును 16 గంటలకు కుదించి, 2017లో మళ్లీ 24కి పెంచారు. షిఫ్టులు చిన్నవైతే రోగి ఎక్కువ చేతులు మారతాడు. సిస్టర్ చెప్పిన అప్పగింత గట్టిగా లేకపోతే 12 గంటల రోస్టర్ కూడా నిలవదు.

జూడా_గొంతు: అయితే రెండూ చేద్దాం. ఎక్కిన టైమ్, దిగిన టైమ్, మధ్యలో పడుకున్న నిమిషాలు రోజూ ఫోన్‌లో రాసుకోండి. యూనిట్ పీజీలందరివీ కలిపి నెలాఖరున హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా ఇవ్వండి. "అలసిపోయాం" అంటే కౌన్సెలింగ్‌కి వెళ్లమంటారు. పట్టిక చూపిస్తే రోస్టర్ మీద మాట్లాడక తప్పదు.

క్యాజువాల్టీ_సిస్టర్: డ్యూటీ దిగాక బండి తీయకండి. 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి పడిపోతుంది. మన చట్టం ఒప్పుకునేది 0.03. ఆటోలో వెళ్లండి, లేదా హాస్టల్లో 90 నిమిషాలు పడుకుని బయల్దేరండి. ఆఫ్ రోజున కూడా రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.