నవల అగ్రిమెంటు చేతిలో ఉంది, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా రాస్తున్నాను. 34 కథలు అచ్చయ్యాయి, ఒక సంపుటి వచ్చింది. ఇప్పుడు మొదటి నవలకి ఒక ప్రచురణకర్త రెండు పేజీల అగ్రిమెంటు పంపారు. రాయల్టీ 10 శాతం. "సర్వహక్కులు ప్రచురణకర్తకు చెందును" అని ఉంది గానీ ఎన్నేళ్లకో రాయలేదు. నేను కాకినాడలో ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్తాను. పేపర్లు దిద్దే రోజులొస్తే నెలన్నర ఒక్క పేరా కదలదు. సంతకం పెట్టొచ్చా? సొంతంగా వేసుకోవడం మేలా? ఉద్యోగం మాని రాస్తే ఇల్లు గడుస్తుందా? ఇంకొకటి. నవలలో మూడో అధ్యాయం మొదట విడి కథ. ఒక పత్రికకి పంపి ఏడు నెలలు చూశాను, జవాబు రాలేదు. ఇంకో పత్రికకి పంపాను. రెండిట్లోనూ ఒకే నెలలో అచ్చయింది. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

రెండోముద్రణ:
సొంతంగా వేసుకోవడం గురించి నన్నడగండి. 1/8 డెమ్మీ సైజు, 208 పేజీలు, 70 జీఎస్ఎం కాగితం, 500 కాపీలు. కవరు బొమ్మ, డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టడం), ప్రూఫులు కలిపి 52 వేలు అయింది. షాపులకి 40 శాతం కమీషన్ మీద ఇచ్చాను. డబ్బు అడగడానికి విజయవాడ ఏలూరు రోడ్డుకి నాలుగుసార్లు తిరిగితే బస్సు చార్జీలే మిగల్లేదు. ఆవిష్కరణ సభలో 110 కాపీలు ఊరికే వెళ్లిపోయాయి. కాళ్లు పట్టుకుని చెప్తున్నా, సభకి వచ్చినవాళ్లందరికీ పుస్తకం చేతిలో పెట్టకండి. పైగా ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద వేసే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తెప్పిస్తామని నా దగ్గర 2,500 తీసుకున్నారు. అది రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్లు ఉచితంగా ఇస్తారని తర్వాత తెలిసింది. ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు.

పాతసంచికలు:
మిగతా సంగతి తర్వాత. ఒకే కథ రెండు పత్రికలకా? వారపత్రికలో 19 ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను కాబట్టి అడుగుతున్నా. కథతో పాటు హామీపత్రం మీద సంతకం పెట్టారా లేదా? "ఈ కథ మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని రాసిందెవరు? ఆ కథకి ఆర్టిస్టు బొమ్మ వేశాడు, ప్రూఫులు చూశాం, పేజీ కట్టాం. రెండోచోట వచ్చిందని పాఠకులు ఉత్తరాలు రాస్తే ఎడిటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడేది మేము.

ఓరుగల్లుకథ:
అన్నా, గిట్ల మాట్లాడుడు మంచిగ లేదు. ఏడు నెలలు కథను పట్టుకొని కూసున్నోళ్లను ఏమనవు గని, రాసినామెను దొంగ లెక్క నిలబెడ్తున్నవ్. నా కథ ఒకటి 14 నెలలకు అచ్చయింది. అచ్చయిన సంగతి మా మేనమామ ఫోన్ చేస్తే తెలిసింది. పారితోషికం 750, ఇంకో ఏడాదికి వచ్చింది. హామీపత్రం మా దిక్కు నుంచేనా? "మూడు నెలలల్ల చెప్తం" అని వాళ్లు ఎందుకు రాసియ్యరు?

పాతసంచికలు:
నెలకి 400 కథలు వచ్చేవి తమ్ముడూ. చదివేది ఇద్దరం. తిరుగు టపా కవరు పెట్టనివారికి జవాబు ఉండదని ప్రతి సంచికలోనూ వేసేవాళ్లం.

ఓరుగల్లుకథ:
ఇప్పుడు కవర్లు యాడున్నయ్? మెయిలుకు ఒక్క లైను రాసుడు కూడ బరువేనా? నేను ఎనిమిది గంటలు డ్యూటీ చేసి, రాత్రి పిల్లలు పండుకున్నంక రాస్తున్న. నా టైముకు విలువ లేదా?

సీమసినుకు:
మీరిద్దరూ కొట్లాడతానే ఉండండి. నా కడుపుమంట వేరే. మా అవ్వ "యాడికి బోతాండావు" అంటాది. అచ్చులో "ఎక్కడికి వెళ్తున్నావు" అని వచ్చింది. కథ మొత్తం అట్నే దిద్దేసినారు, ఒక్క మాట అడగకుండా. మా ఊర్లో చదివి వినిపిస్తే అవ్వ "ఇది నేను గాదు" అనె. పాతసంచికలు సార్, ఇట్లా దిద్దేది మీరేనా?

పాతసంచికలు:
దిద్దాను. ఒప్పుకుంటున్నా. 90ల్లో అన్ని జిల్లాలవాళ్లకీ అర్థం కావాలని మాకు చెప్పేవారు. ఇప్పుడైతే దిద్దను. కానీ రెండు పత్రికల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

గోదారిగట్టు:
అయ్యా, కథ వెనక్కి తీసుకుంటున్నానని మొదటి పత్రికకి మెయిల్ పెట్టాకే రెండోదానికి పంపాను. చూడలేదేమో. అది ముందే రాయకపోవడం నా పొరపాటే.

పాతసంచికలు:
మెయిల్ పెడితే తప్పు మీది కాదమ్మా. నేను తొందరపడి అన్నాను.

హక్కులపత్రం:
కాపీరైటు కేసులు 22 ఏళ్లుగా చూస్తున్నాను, ఈ విషయంలో నా మాట వినండి. 1957 చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఎక్కడివరకు, రాయల్టీ ఎంత అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. కాబట్టి ఏళ్లు రాయకుండా వదిలిన అగ్రిమెంటుని చూసి అంత భయపడక్కర్లేదు. "శాశ్వతంగా" అన్న మాట చేరుస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. కాపీరైటు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు మీ వారసులది. ఇంకో సంగతి, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, ఇచ్చిన హక్కుని ఏడాదిలోపు వాడని పక్షంలో అది తిరిగి మీకే వస్తుంది. ఆడియో (పుస్తకాన్ని చదివి వినిపించే) హక్కు కూడా వాళ్లకి పోదు. కొత్త మాధ్యమాలకి బదిలీ వర్తించదని 2012 సవరణలో ఉంది.

రెండోముద్రణ:
ఆగండి. ఆ సవరణ అగ్రిమెంటు రాసేనాటికి లేని మాధ్యమాలకి కదా? క్యాసెట్ల కాలం నుంచీ ఆడియో ఉంది. ఇప్పుడు రాసుకునే అగ్రిమెంటులో "సర్వహక్కులు" అంటే ఆడియో కూడా వస్తుంది. తెలియనివాళ్లు మీ మాట నమ్మి సంతకం పెడతారు.

హక్కులపత్రం:
నాకు సెక్షన్లు నేర్పనక్కర్లేదు.

రెండోముద్రణ:
నేర్పడం లేదండీ. నా సంపుటి అలాగే పోయింది. ఎవరో యాప్‌లో చదువుతుంటే విని ఏడ్చాను. ఒక్క రూపాయి రాలేదు.

హక్కులపత్రం:
ఆడియో విషయంలో మీరన్నదే సరి. గోదారిగట్టు గారూ, "అచ్చు పుస్తకం హక్కు మాత్రమే, తెలుగులో, ఐదేళ్లు" అని రాయించుకోండి. ఆడియో, ఈ-బుక్, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ పేరుపేరునా మీ దగ్గరే ఉన్నట్టు రాయించండి.

సీరియల్‌మాటలు:
ఉద్యోగం సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. 200 రూపాయల పుస్తకం మీద 10 శాతం అంటే 20. వెయ్యి కాపీలు పోతే 20 వేలు, అదీ రెండు మూడేళ్లలో. నేను 2016లో బ్యాంకు ఉద్యోగం మానేశాను. నవల డబ్బుతో రెండు నెలలు కూడా నడవలేదు. టీవీ సీరియల్ డైలాగులకి వెళ్లాను. ఎపిసోడ్‌కింత అని ఇస్తారు, ఇల్లు బాగానే గడిచింది. కానీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి పొద్దున ఆరింటికి సీన్ కావాలంటారు. ఎనిమిదేళ్లలో నాది అని చెప్పుకునే కథ ఒక్కటీ రాయలేదు. రెండు నవలలు సగంలో ఉన్నాయి. అమ్మా, కాలేజీ మానకండి. జీతం లేని సెలవు ఇస్తారేమో అడగండి.

లెక్కలబడి:
రాయల్టీ మీద పన్ను గురించి ఒక మాట. సాహిత్య రచనల రాయల్టీలో ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయపు పన్ను చట్టం 80క్యూక్యూబీ సెక్షన్ కింద మినహాయింపు ఉండేది, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. చాలామంది రచయితలు వాడుకోనే లేదు. దానికి ప్రచురణకర్త నుంచి 10సీసీడీ ఫారం తీసుకోవాల్సి ఉండేది.

ఓరుగల్లుకథ:
3 లక్షల రాయల్టీ వచ్చే తెలుగు కథకుణ్ణి నేనైతే సూడలే. మనకు ఆ మూడు వేలు టైముకిస్తే సాలు. నాకు వేరే సహాయం కావాలె. నా పాత కథలన్నీ అను ఫాంట్లల్ల (డీటీపీల వాడే పాత తెలుగు అక్షరాలు) ఉన్నయ్. ఫోన్ల, నెట్టుల కనబడే యూనికోడ్‌లకు మారిస్తే ఒత్తులన్నీ ఎగిరిపోతున్నయ్. ఎవలైనా సాఫ్‌గ చేసుకున్నరా?

సీమసినుకు:
నేను 12 కథలు మళ్లా కూర్చోని టైపు చేసుకున్నా అన్నా. కన్వర్టరుతో మార్చి దిద్దేదాని కంటే అదే తొందరగా అయింది. చేస్తాంటే నాలుగు కథల్లో అవ్వ మాటల్ని వెనక్కి తెచ్చుకున్నా. ఆ కథలే సంపుటిగా వేసుకుంటాండా.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. ప్రచురణకర్తతో మాట్లాడాను. అచ్చు, ఐదేళ్లు అంటే ఒప్పుకున్నారు. అనువాదం, సినిమా నా దగ్గరే. ఆడియో మాత్రం తమకే కావాలంటున్నారు, వచ్చినదాంట్లో సగం ఇస్తామంటున్నారు. శుక్రవారం లోపు చెప్పాలి. కాలేజీలో సెలవు అడిగితే ప్రిన్సిపాల్ గారు వేసవిలో చూద్దామన్నారు.

రెండోముద్రణ:
సగం అంటే దేంట్లో సగమో రాయించండి. యాప్ వాళ్లు ఇచ్చినదాంట్లోనా, ఖర్చులు పోను మిగిలినదాంట్లోనా? ఆరు నెలలకోసారి లెక్క చూపించాలని కూడా రాయించండి.

పాతసంచికలు:
ఆ మూడో అధ్యాయం విషయం. రెండు పత్రికలకీ ఉత్తరం రాసి, పుస్తకంలో చేర్చుకోవడానికి అభ్యంతరం లేదని రాతలో తెచ్చుకోండి. మొదటి పత్రికకి ఎలా రాయాలో కావాలంటే నేను రాసిపెడతాను. సీమసినుకు, మీ సంపుటికి ప్రూఫులు చూసేవాళ్లు ఉన్నారా? ఒక్క మాట కూడా మార్చను. అచ్చుతప్పులు మాత్రం చూస్తాను.

సీమసినుకు:
పంపుతా సార్. ఆదివారం.

రెండోముద్రణ:
జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో స్టాలు పంచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నా దగ్గర ఇంకా 260 కాపీలున్నాయి. నలుగురం కలిస్తే అద్దె బరువుండదు.